కమీషన్ చవకే... మరి తాళంచెవి ఎవరి దగ్గర?

తెల్లవారుజామున నాలుగు గంటలు. ఇందుకూరుపేట మండలంలో ఓ రొయ్యల గుంట. పట్టుబడి మొదలైంది. వలలోంచి తీసిన రొయ్యలు ట్రేలలో కాటా మీదికి ఎక్కుతున్నాయి. ఓపక్క ఐసు దంచుతున్న చప్పుడు, ఇంకోపక్క కౌంటు మీద వాదన. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. నలభై అని రైతు, కాదు నలభై రెండని ఏజెంటు. కౌంటు పెరిగేకొద్దీ రేటు దిగుతుంది. అందుకే రైతు చేతిలో టార్చిలైటు కాటా మీదనుంచి పక్కకు తిరగదు.

అసలు ఆ ఏజెంటును గట్టు ఎక్కనిచ్చేముందే ఆ రైతు నలుగురిని వాకబు చేసి ఉంటాడు. డబ్బులు ఎన్నాళ్లకిస్తాడు? పోయిన పంటకు ఎవరికైనా బాకీపడ్డాడా? లారీ ఏ కంపెనీకి వెళ్తుంది? ‘కిలోకి పది రూపాయలు ఎక్కువిస్తా, సరుకు ఎత్తెయ్’ అనేవాణ్ని చూస్తే మైపాడు నుంచి ఇస్కపల్లి దాకా ఎవరికైనా ముందు అనుమానమే వస్తుంది. అంత ఎక్కువ ఎలా ఇస్తాడని!

అదే మనిషి, పట్టుబడి డబ్బులు బ్యాంకులో పడ్డాక ఇంటి వసారాలో కూర్చుని సెల్‌ఫోన్లో డీమ్యాట్ ఖాతా తెరుస్తాడు. ఆధార్ ఓటీపీ, పాన్ నంబరు, ఓ సెల్ఫీ, తెల్లకాగితం మీద సంతకం ఫొటో... పది నిమిషాల్లో పని అయిపోతుంది. ఇంతమంది బ్రోకర్లుండగా ఆ ఒక్కడే ఎందుకంటే సమాధానం ఒకటే... ‘సున్నా కమీషన్ అన్నాడు కదా!’

మరి ఇక్కడ వాకబు ఏదీ? అంత తక్కువకు ఎలా ఇస్తున్నాడన్న అనుమానం ఏదీ?

మద్రాసు రైలు నుంచి మొబైలు దాకా

నెల్లూరు సీమకు షేర్లు కొత్తేమీ కాదు. మద్రాసు దగ్గర కావడంతో అక్కడి స్టాక్ ఎక్స్ఛేంజీ గాలి ఇక్కడికి ఎప్పుడో తగిలింది. 1943లో మొదలైన హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజీ ఉండనే ఉండేది. అప్పట్లో షేరంటే కాగితం. సర్టిఫికెట్టు, ట్రాన్స్‌ఫర్ ఫారం, సంతకం తేడా వస్తే తిరుగుటపా. 1996లో డీమ్యాట్ వచ్చాక కాగితం పోయింది. జాతీయ ఎక్స్ఛేంజీల కంప్యూటర్లు ఊరూరికీ వచ్చేసరికి ప్రాంతీయ ఎక్స్ఛేంజీల పని అయిపోయింది. 2007లో హైదరాబాద్ ఎక్స్ఛేంజీకి సెబీ గుర్తింపు రద్దయింది. మిగిలింది టౌన్లో సబ్‌బ్రోకరు ఆఫీసు, అందులో టీవీ, దానిముందు నాలుగు కుర్చీలు. ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్లు రోజూ వచ్చేవాళ్లే.

ఇప్పుడు ఆ కుర్చీలు ఖాళీ. అందరూ ఫోన్లోనే. పైగా ఈ తీరానికి మార్కెట్లో తెలిసిన సరుకూ ఉంది. తోటపల్లిగూడూరు మండలం అనంతపురంలో రొయ్యల మేత తయారుచేసే వాటర్‌బేస్ కంపెనీ స్టాక్ మార్కెట్లో లిస్టయిందే. మేత బస్తాల మీద రోజూ కనిపించే అవంతి ఫీడ్స్, కాకినాడ కేంద్రంగా రొయ్యల్ని ఎగుమతి చేసే అపెక్స్ ఫ్రోజెన్ ఫుడ్స్... వీటి బాగోగులు దలాల్ స్ట్రీట్ కన్నా ముందు గుంట గట్టు మీద తెలుస్తాయన్నది ఇక్కడివాళ్ల ధీమా. కొంతవరకు నిజమే కూడా. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఆ కంపెనీల షేరు ధర చూసి కంగారుపడ్డవాళ్లలో రొయ్యల రైతులూ ఉన్నారు... అటు గుంటలో సరుకు, ఇటు ఫోన్లో షేరు. రెండువైపులా ఒకే దెబ్బ! (కృష్ణపట్నం రేవు షేరు కొనాలని వెతికేవాళ్లూ ఉంటారు. ఆ కంపెనీ ఎప్పుడూ లిస్టు కాలేదు. 2020లో ముప్పావు వంతు, 2021లో మిగతా పావు అదానీ పోర్ట్స్ చేతికి వెళ్లిపోయాయి.)

సలహా కట్... బిల్లు కట్

డిస్కౌంట్ బ్రోకరు అంటే తక్కువకు పనిచేసే బ్రోకరు, అంతే. ఫలానా షేరు కొనమని చెప్పడు, ఇంటికి మనిషిని పంపడు, ఊళ్లో ఆఫీసు పెట్టడు. ఆ ఖర్చులు లేవు కాబట్టి కమీషన్ తగ్గిస్తాడు. ఈ పద్ధతి పుట్టింది అమెరికాలో. 1975 మే 1న అక్కడ బ్రోకర్లందరూ ఒకే రేటు తీసుకోవాలన్న కట్టుబాటు ఎత్తేశారు. పెద్ద సంస్థలు చిన్న మదుపరులకు రేటు పెంచితే, ఛార్లెస్ ష్వాబ్ లాంటివాళ్లు తగ్గించి ఎదిగారు.

మనదగ్గర దీన్ని జనంలోకి తెచ్చింది జెరోధా. కామత్ సోదరులు 2010 ఆగస్టు 15న బెంగళూరులో మొదలుపెట్టారు. ఎంత పెద్ద ఆర్డరైనా గరిష్ఠంగా 20 రూపాయలు అన్నారు. 2015 డిసెంబరులో డెలివరీకి, అంటే కొని దాచుకునే షేర్లకు, ఆ కమీషన్ కూడా తీసేశారు. ఆ తర్వాత అప్‌స్టాక్స్, గ్రో వచ్చాయి. పాతకాలపు బ్రోకరైన ఏంజెల్ కూడా 2019లో ఈ దారే పట్టింది. ఖాతాల సంఖ్యలో 2023లో జెరోధాను దాటిన గ్రో, 2025 నవంబరులో తానే స్టాక్ మార్కెట్లో లిస్టయింది.

ఇంతకీ మిగిలేదెంత? రూ.50 వేల షేర్లు కొని, కొన్నాళ్లకు అదే ధరకు అమ్మారనుకుందాం. అర శాతం తీసుకునే పాత బ్రోకరు దగ్గర కొన్నప్పుడు రూ.250, దానిమీద జీఎస్టీ రూ.45. అమ్మినప్పుడు మళ్లీ అంతే. మొత్తం రూ.590. ఆర్డరుకు 20 రూపాయల బ్రోకరు దగ్గర జీఎస్టీతో కలిపి రూ.47.20. డెలివరీకి సున్నా అన్నవాడి దగ్గర అదీ లేదు. తేడా చిన్నదేమీ కాదు. ఏడాదికి పదిసార్లు కొని అమ్మేవాళ్లకు అయిదువేల పైచిలుకు మిగిలినట్టే.

కానీ సున్నా అంటే బిల్లు సున్నా అని కాదు. అదే లావాదేవీ మీద ప్రభుత్వానికి వెళ్లే లావాదేవీ పన్ను, అదే ఎస్టీటీ, కొన్నప్పుడు రూ.50, అమ్మినప్పుడు రూ.50. కొనుగోలు మీద స్టాంపు డ్యూటీ ఏడున్నర రూపాయలు. ఎక్స్ఛేంజీకి మూడు రూపాయల చిల్లర. సెబీ వాటా పది పైసలు! ఇవి ఏ బ్రోకరు దగ్గరైనా ఒకటే. వాటికి తోడు, డీమ్యాట్ నుంచి షేర్లు బయటికి వెళ్లిన ప్రతిసారీ డీపీ చార్జీ ఉంటుంది. ఒక కంపెనీకి ఒక రోజుకు ఇంత అని. చాలాచోట్ల అది 13 నుంచి 20 రూపాయల మధ్య. రూ.50 వేల షేర్లు అమ్మేవాడికి అది కనపడదు. పదిహేనువందల విలువైన షేర్లు అమ్మేవాడికి నూటికి రూపాయి పోయినట్టు. చిల్లరగా అమ్ముకునే అలవాటున్నవాళ్లు బ్రోకరేజీ కన్నా ముందు చూసుకోవాల్సింది ఈ గీతనే.

ఏడాది నిర్వహణ రుసుము ఇంకోటి. రూ.4 లక్షల లోపు విలువున్న చిన్న ఖాతాలకు ‘బేసిక్ సర్వీసెస్ డీమ్యాట్’ కింద ఇది ఉండకూడదు. పది లక్షల వరకు వంద రూపాయలే. 2024 సెప్టెంబరు నుంచి ఈ హద్దులు అమలవుతున్నాయి. అయితే ఆ సదుపాయం ఒక మనిషికి ఒక్క ఖాతాకే. బంధువు అడిగాడని ఒకటి, ప్రకటన చూసి ఒకటి, ఐపీఓ కోసం ఒకటి అంటూ మూడు నాలుగు చోట్ల తెరిచినవాళ్లకు ఆ రాయితీ పోతుంది.

సున్నాతో బతికేదెలా?

కొని దాచుకునేవాడి దగ్గర ఏమీ తీసుకోకుండా వేలమంది సిబ్బందిని, సర్వర్లను, టీవీ ప్రకటనలను ఎవరు పోషిస్తున్నారు? రోజూ కొని అమ్మేవాళ్లు. ముఖ్యంగా ఫ్యూచర్లు, ఆప్షన్లలో దిగినవాళ్లు. అక్కడ 20 రూపాయల లెక్క తీరే వేరు.

రోజుకు పదిసార్లు ఆప్షన్లు కొని అమ్మితే ఇరవై ఆర్డర్లు. నాలుగొందలు. జీఎస్టీతో రూ.472. నెలకు ఇరవై రోజులు మార్కెట్ ఉంటే రూ.9,440. ఏడాదికి రూ.1,13,280! ఒక్కో ఆర్డరు దగ్గర ఇరవై రూపాయలంటే టీ టిఫిను ఖర్చు. అందుకే చెయ్యి ఆగదు. పాత బ్రోకరు దగ్గర ఫోన్ చేసి చెప్పాల్సివచ్చేది, అవతలివాడు ‘ఇప్పుడెందుకు సార్’ అని ఒక్కమాటైనా అనేవాడు. యాప్ ఆ మాట అనదు.

2024 సెప్టెంబరులో సెబీ ఓ అధ్యయనం బయటపెట్టింది. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్లు, ఆప్షన్లు ఆడిన వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. మొత్తం నష్టం రూ.1.8 లక్షల కోట్లకు పైనే. అందులోనే ఇంకో లెక్క ఉంది, పెద్దగా ఎవరూ మాట్లాడుకోనిది. ఆ మూడేళ్లలో ఆ వ్యక్తులు లావాదేవీల ఖర్చులకే దాదాపు రూ.50 వేల కోట్లు కట్టారు. అందులో సగం పైన, 51 శాతం, బ్రోకరేజీ! 2024-25లోనూ పరిస్థితి మారలేదు. 91 శాతం మందికి నష్టమే, ఆ ఒక్క ఏడాదిలో పోయింది రూ.1,05,603 కోట్లు.

కాబట్టి డిస్కౌంట్ బ్రోకరు ఎవరికి చవక అన్నది మనిషిని బట్టి ఉంటుంది. పంట డబ్బుతో నాలుగు కంపెనీల షేర్లు కొని అయిదేళ్లు పక్కనపెట్టే కుటుంబానికి నిజంగానే చవక. అసలు ఆప్షన్ల అనుమతి అడగకుండా, ఉత్త ఈక్విటీ ఖాతా మాత్రమే తెరవొచ్చు. దరఖాస్తులో ‘ఎఫ్ అండ్ ఓ’ గడి దగ్గర టిక్కు పెట్టకపోతే చాలు. ఇంట్లో కాలేజీ కుర్రాడి ఫోన్లో తండ్రి ఖాతా నడుస్తుంటే ఈ గడి మరీ ముఖ్యం.

ఇంకో ఆదాయం వడ్డీ. ‘మీ దగ్గర పాతిక వేలే ఉన్నాయా, మిగతాది మేం వేస్తాం, లక్ష షేర్లు కొనండి’ అని యాప్ ఊరిస్తుంటుంది. దీన్ని మార్జిన్ ట్రేడింగ్ సదుపాయం అంటారు. వడ్డీ చాలాచోట్ల ఏడాదికి 15 శాతం దరిదాపుల్లో ఉంటుంది. అంటే మన లెక్కలో నూటికి నెలకు రూపాయి పావలా. యాప్‌లో రోజువారీ పైసల్లో రాస్తే తక్కువనిపిస్తుంది. రూపాయి పావలా వడ్డీకి తెచ్చి మేత బస్తాలు దింపుకొన్నవాళ్లకు ఆ బరువేంటో వేరే చెప్పక్కర్లేదు.

బోర్డు చూసి నమ్మిన రోజు

కమీషన్ సంగతి అలా ఉంచితే, అసలు పెద్ద ప్రశ్న ఇంకోటుంది. కొన్న షేర్లు ఎవరి పేరు మీద, ఎవరి అదుపులో ఉన్నాయి? తెలుగువాళ్లకు ఈ పాఠం చెప్పింది మన హైదరాబాద్ సంస్థే.

కార్వీ అంటే ఒకప్పుడు తెలియని మధ్యతరగతి ఇల్లు లేదు. 1983లో కొందరు చార్టర్డ్ అకౌంటెంట్లు హైదరాబాద్‌లో మొదలుపెట్టిన సంస్థ. ఊరూరా ఆఫీసులు, ఏసీ గది, తెలుగులో పలకరించే సిబ్బంది. అది డిస్కౌంట్ బ్రోకరు కాదు. పూర్తి సేవలందించే పాతతరం బ్రోకరు. నమ్మకం కోసం నాలుగు రూపాయలు ఎక్కువైనా ఫర్వాలేదనుకున్నవాళ్లే అక్కడికి వెళ్లేవారు.

2019 నవంబరు 22న సెబీ ఉత్తర్వుతో ఆ నమ్మకం కూలిపోయింది. ఖాతా తెరిచేటప్పుడు మదుపరులు ఓ పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం పెట్టేవారు. అమ్మినప్పుడు షేర్లు డీమ్యాట్ నుంచి తీసి ఎక్స్ఛేంజీకి అందించడానికి అది బ్రోకరుకు అవసరమయ్యేది. ఆ కాగితం అడ్డుపెట్టుకుని కార్వీ ఖాతాదారుల షేర్లను తన పేరు మీదున్న డీమ్యాట్ ఖాతాలోకి మళ్లించుకుంది. వాటిని తన సొంత ఆస్తిగా చూపి బ్యాంకుల దగ్గర, ఫైనాన్స్ సంస్థల దగ్గర తాకట్టు పెట్టి అప్పులు తెచ్చింది. ఆ సొమ్ము ఎటు పోయింది? 2016 ఏప్రిల్ నుంచి 2019 అక్టోబరు మధ్య రూ.1,096 కోట్లు తన అనుబంధ సంస్థ కార్వీ రియల్టీకి వెళ్లినట్టు ఆ ఉత్తర్వులోనే ఉంది. అలా తాకట్టులోకి వెళ్లిన షేర్ల విలువ రూ.2,300 కోట్ల పైచిలుకు. వాటి యజమానులు 95 వేల మంది.

భూమి విషయంలో ఎవరైనా ఇలా చేస్తారా? కోడూరులో అరెకరం కొబ్బరితోటకు జీపీఏ రాయాలంటే సొంత తమ్ముడికైనా పదిసార్లు ఆలోచిస్తారు. షేర్ల దగ్గరికొచ్చేసరికి ముప్ఫై పేజీల ఫారంలో పెన్సిల్‌తో గుర్తుపెట్టిన చోటల్లా సంతకం పెట్టేశారు. లక్షలమంది అలాగే పెట్టారు, ఒక్క కార్వీలోనే కాదు.

ఆ డిసెంబరు 2న ఎక్స్ఛేంజీలు కార్వీ ట్రేడింగ్‌ను నిలిపేశాయి. అదేరోజు డిపాజిటరీ దాదాపు 83 వేల మంది షేర్లను తిరిగి వాళ్ల ఖాతాల్లోకి చేర్చింది. మా తాకట్టు సంగతేంటని బ్యాంకులు కోర్టుకెక్కాయి. మిగతావాళ్లు నెలల తరబడి ఎదురుచూశారు. పిల్ల పెళ్లికని, పిల్లాడి ఫీజుకని దాచుకున్న షేర్లు కళ్లముందే ఉన్నా కదల్చలేని పరిస్థితి. 2020 నవంబరులో జాతీయ స్టాక్ ఎక్స్ఛేంజీ కార్వీని బహిష్కరించింది. 2021లో డీమ్యాట్ ఖాతాలను వేలం ద్వారా వేరే బ్రోకరుకు అప్పగించారు. అదే ఏడాది ఆగస్టులో సంస్థ ఛైర్మన్‌ను హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. 2023 ఏప్రిల్లో సెబీ తుది ఉత్తర్వు... ఏడేళ్ల నిషేధం, జరిమానాలు. (ఐపీఓ అలాట్‌మెంట్ చూసుకునే కేఫిన్‌టెక్ ఒకప్పుడు ఆ గొడుగు కిందదే. 2018లోనే అది వేరే యాజమాన్యంలోకి వెళ్లింది. ఈ వ్యవహారంతో దానికి సంబంధం లేదు.)

కార్వీ తర్వాత బిగించిన తాళాలు

ఆ దెబ్బతో నిబంధనలు చాలా మారాయి. మదుపరి చూసుకోవాల్సినవి ఇక్కడే ఉన్నాయి.

పాత పవర్ ఆఫ్ అటార్నీ స్థానంలో 2022 నవంబరు నుంచి డీడీపీఐ అనే చిన్న పత్రం వచ్చింది. మదుపరి అమ్మినప్పుడు షేర్లు ఇవ్వడం, తాకట్టు పెట్టమంటే పెట్టడం లాంటి నాలుగైదు పనులకే అది చెల్లుతుంది. పైగా ఇది తప్పనిసరి కాదు. ఇవ్వకపోతే అమ్మిన ప్రతిసారీ డిపాజిటరీ పిన్ను, ఓటీపీ కొట్టాలి. నెలకోసారి అమ్మేవాళ్లకు ఆ కష్టం ఒక లెక్కా? కార్వీ రోజుల్లో పాత పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చి ఇంకా అదే ఖాతా నడుపుతున్నవాళ్లు దాన్ని రద్దు చేసుకోవచ్చు.

తాకట్టు కూడా ఇప్పుడు మదుపరి డీమ్యాట్లోనే జరగాలి. 2020 సెప్టెంబరు నుంచి డిపాజిటరీ నేరుగా ఓటీపీ పంపుతుంది. అందులో ‘ప్లెడ్జ్’ అన్న మాట కనిపిస్తే ఆగి చదవాలి. బ్రోకరు ఆఫీసు నుంచి ఫోన్ చేసి ‘ఓటీపీ చెప్పండి సార్’ అంటే చెప్పకూడదు. ఇక కొన్న షేర్లు. 2025 ఫిబ్రవరి 25 నుంచి అవి బ్రోకరు ఖాతాలో ఆగకుండా క్లియరింగ్ సంస్థ నుంచి సూటిగా మదుపరి డీమ్యాట్లోకి వస్తున్నాయి. కొన్న మర్నాటికే.

షేర్లకు తాళం బాగానే పడింది. డబ్బు దగ్గర మాత్రం మదుపరి జాగ్రత్త ఇంకా అవసరం. బ్రోకరు దగ్గర వాడకుండా ఉన్న సొమ్మును మదుపరి కోరినట్టు నెలకో, మూడునెలలకో తిరిగి బ్యాంకులో వేయాలన్నది నిబంధన. ఆ తేదీన డబ్బు వచ్చిందా లేదా అన్నది బ్రోకరు ఆరోగ్యానికి మంచి పరీక్ష. పట్టుబడి డబ్బు అయిదు లక్షలు వచ్చింది కదా అని మొత్తం యాప్‌లోకి తోసి, ‘మార్కెట్ పడ్డప్పుడు కొందాం’ అని ఆరునెలలు అక్కడే ఉంచడం ఈ తీరంలో కనిపించే అలవాటు. దానిమీద వడ్డీ రాదు. పెద్ద బ్రోకర్లు యూపీఐ ద్వారా సొమ్మును సొంత బ్యాంకు ఖాతాలోనే ఆపి ఉంచే సదుపాయాన్నో, బ్యాంకు, డీమ్యాట్, ట్రేడింగ్ మూడూ కలిసిన ఖాతానో ఇవ్వాలని 2025 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. కొన్నప్పుడే డబ్బు కదులుతుంది. బ్రోకరును ఎంచుకునేటప్పుడు ఇది ఉందా అని అడిగేవాళ్లు తక్కువ. అడగాలి.

యాప్ ఆగిన రోజు ఫోన్ ఎవరెత్తుతారన్నది ఇంకో సంగతి. 2021 ఫిబ్రవరి 24న జాతీయ స్టాక్ ఎక్స్ఛేంజీయే ఉదయం 11.40కి ఆగిపోయింది. మళ్లీ మధ్యాహ్నం 3.45కి తెరిచి అయిదింటి దాకా నడిపారు. ఆ మధ్యలో రోజువారీ ట్రేడింగ్ చేసేవాళ్లలో చాలామంది ఇరుక్కుపోయారు. ఎక్స్ఛేంజీ బాగున్నా, జనం ఎగబడ్డ రోజున బ్రోకరు యాప్ మొరాయించడం అన్ని పెద్ద సంస్థల్లోనూ అప్పుడప్పుడూ జరుగుతున్నదే. తుపాను పట్టి సిగ్నలు, కరెంటు రెండూ పోయే ఊళ్లలో ఇది మరీ ఆలోచించాల్సిన విషయం. ఫోన్ చేసి ఆర్డరు చెప్పే నంబరుందా, దానికి అదనంగా ఎంత, తెలుగులో మాట్లాడతారా... ఖాతా తెరవకముందే ఓ మధ్యాహ్నం ఆ నంబరుకు ఫోన్ చేసి చూస్తే తెలిసిపోతుంది. ఎంతసేపు సంగీతం వినిపించారో లెక్కపెట్టుకోవచ్చు.

వాకబు చేయడానికి నలుగురు రైతులు దొరక్కపోయినా, ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్లో ప్రతి బ్రోకరు మీద వచ్చిన ఫిర్యాదుల సంఖ్య ఉంటుంది. ఖాతాదారుల సంఖ్యతో భాగించి చూడాలి. కోటి మంది ఉన్నచోట వెయ్యి ఫిర్యాదులు, పదివేల మంది ఉన్నచోట వంద ఫిర్యాదులు ఒకటి కావు. గొడవొస్తే ముందు బ్రోకరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు, ఆ తర్వాత సెబీ స్కోర్స్. అక్కడ 21 రోజుల్లో జవాబివ్వాలి.

పేరు అదే... యాప్ వేరు

పోయిన నాలుగైదేళ్లలో కొత్త బెడద ఇంకోటి. వాట్సప్‌లోనో టెలిగ్రామ్‌లోనో ఓ గ్రూపు. పేరున్న బ్రోకరు లోగో. ‘మా వీఐపీ యాప్ వేసుకోండి, ఐపీఓలో గ్యారంటీ అలాట్‌మెంట్’ అని లింకు. వేసుకుంటే తెరమీద లాభాలు కనిపిస్తూనే ఉంటాయి. తీసుకోబోతే ముందు ‘పన్ను’ కట్టమంటారు. అక్కడ బ్రోకరూ లేడు, షేర్లూ లేవు. డబ్బు వెళ్లింది ఎవరో ఒకరి సొంత ఖాతాకు.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. అసలు బ్రోకరుకు ‘ఐఎన్‌జడ్’తో మొదలయ్యే సెబీ రిజిస్ట్రేషన్ నంబరుంటుంది. సెబీ వెబ్‌సైట్లో ఆ నంబరు కొడితే సంస్థ పేరు, చిరునామా వస్తాయి. 2025 అక్టోబరు 1 నుంచి సెబీ దగ్గర నమోదైన బ్రోకర్లకు ‘@వ్యాలిడ్’ అని ఉండే ప్రత్యేక యూపీఐ ఐడీలు వచ్చాయి. డబ్బు పంపేటప్పుడు ఆకుపచ్చ త్రికోణంలో బొటనవేలు గుర్తు కనిపిస్తుంది. అది లేకుండా ఎవరో వ్యక్తి పేరు మీదున్న ఖాతాకు పంపమంటే అక్కడితో ఆగిపోవాలి. పంపేశాక తెలిస్తే ఆ గంటలోనే 1930కి ఫోన్ చేయాలి.

ఇంట్లో ఇంకెవరికి తెలుసు?

షేర్ల ఖాతా ఇంటాయన ఫోన్లో ఉంటుంది. పిన్ను ఆయన బుర్రలో ఉంటుంది. గుంటల కాడ కరెంటుతో, సముద్రం మీద గాలితో పనిచేసే ఊళ్లివి. పొలం పాసుపుస్తకం బీరువాలో ఎక్కడుందో ఇల్లాలికి తెలుసు. ఏ బ్రోకరు దగ్గర ఎన్ని షేర్లున్నాయో తెలియదు. పాతకాలంలో అయితే సర్టిఫికెట్లయినా ట్రంకుపెట్టెలో దొరికేవి. ఆఫీసు లేని బ్రోకరు దగ్గరికి వెళ్లి అడగడానికి గుమ్మం కూడా లేదు.

నామినీ పేరు రాయడం యాప్‌లో రెండు నిమిషాల పని. ‘తర్వాత చూద్దాం’ అన్న బొత్తాం కూడా అక్కడే ఉంటుంది, చాలామంది దాన్నే నొక్కుతారు. నామినీ లేకపోతే వారసత్వ పత్రాలు, అఫిడవిట్లు, బంధువుల సంతకాలు... అన్నదమ్ముల మధ్య మాటలు లేని ఇళ్లలో ఆ కాగితాలు ఎప్పటికి తెమిలేను?

షేర్ల లెక్క బ్రోకరుతో పనిలేకుండా తెలుసుకునే దారి ఒకటుంది. డిపాజిటరీలైన ఎన్‌ఎస్‌డీఎల్, సీడీఎస్‌ఎల్ నేరుగా పంపే ఏకీకృత ఖాతా వివరం. ఆ పాన్ నంబరు మీద ఏ బ్రోకరు దగ్గర ఏముందో, మ్యూచువల్ ఫండ్లతో సహా, అంతా ఒకేచోట ఉంటుంది. కొనడం అమ్మడం జరిగిన నెల తర్వాత వస్తుంది. ఏమీ జరగకపోతే ఆరునెలలకోసారి. తెరవడానికి పాస్‌వర్డు పాన్ నంబరే. బ్రోకరు యాప్ చూపించే లెక్కకూ దీనికీ ఒక్క షేరు తేడా ఉన్నా అడగాల్సిందే. కార్వీ ఖాతాదారుల్లో కొందరికి అనుమానం మొదలైంది ఇలాంటి తేడాల దగ్గరే.

అయితే అది వచ్చేది ఈమెయిల్‌కు. ఆ ఈమెయిల్ ఎవరిది? చాలా ఇళ్లలో, ఖాతా తెరిచినరోజు మొబైల్ షాపు కుర్రాడు అప్పటికప్పుడు పుట్టించిందే. పాస్‌వర్డు ఎవరికీ గుర్తుండదు. నెలనెలా ఆ లెక్క ఎవరూ తెరవని పెట్టెలో పడుతూనే ఉంటుంది. ఇంట్లో ఇద్దరు చూసే మెయిల్‌కు మార్చుకోవడానికి బ్రోకరు యాప్‌లో ప్రొఫైల్ దగ్గరే వీలుంటుంది. కొందరు బ్రోకర్లు మాత్రం ఫారం నింపి సంతకం పెట్టి పంపమంటారు.